మెడ దాకా

ఫోన్ల ఫోటో చూపెట్టి
గులాబ్‌సింగ్ సేటు అన్నడు:
"పన్నెండు ఫీట్లు. రెక్కలు పెద్దగుండాలె. ఇరవై రోజులు."
వినాయకులు పోయి, దుర్గమ్మలు పోయి
ధూల్‌పేట షెడ్డు బోసిగున్న రోజులు.
శంషాబాద్ రోడ్డు మీద కొత్త ఫంక్షన్ హాలంట,
గేటు ముందర ఫౌంటెన్ల నిలబడాలెనంట ఈమె.

వెనుకటి గ్రీకు దేశపు పాలరాయి.
సముద్రం మీద లడాయి గెలిస్తే
ఓడ ముక్కు మీద వచ్చి దిగిన దేవతంట.
తల దొరకలేదు. చేతులు దొరకలేదు.
"ఓడిపోయినోళ్ళ బొమ్మ ఉన్నదా సేటూ?" అన్న.
సేటు రెజిన్ డబ్బా మూత తీసుకుంట
"వాళ్ళకెవరు ఆర్డరిస్తరు?" అన్నడు.

నాది రుద్దుడు పని.
అచ్చుల నుంచి ఊడొచ్చిన ఫైబర్‌కు
నూట ఇరవై నంబరు కాగితం, తర్వాత రెండు వందల ఇరవై,
ఆఖరుకు నీళ్ళ కాగితం.
పదకొండేండ్లల్ల ఎన్ని తొండాలు నున్నగ చేసిన్నో,
ఏలిముద్రలరిగి
రేషన్ మిషను నన్ను గుర్తుపట్టదు.

ఈమె కడుపు కాడ చెయ్యి ఆగింది.
బట్ట తడిసి ఒంటికి అంటుకున్నది, బొడ్డు గుంట కనబడుతున్నది.
కుచ్చిళ్ళన్నీ కాళ్ళ నడుమ ఇరుక్కొని
ఎనక్కి గుంజుతున్నయి.
చెక్కినోడు ఎవడో గని
నీళ్ళల్ల నడిచే ఆడమనిషిని
దగ్గర్నుంచి చూసిండు.

చెరువుకట్ట తెగిన అక్టోబరు రాత్రి
మా గల్లీల నేనట్లనే ఉన్న.
మోకాళ్ళు, నడుము, రొమ్ములు,
మెడ దాకా.
నెత్తి మీద అల్యూమినియం బేసిను,
బేసిన్ల పక్కింటి తస్లీమ్ కన్న ఇరవై రోజుల బిడ్డ.
రెండు చేతులూ బేసినుకే పోయినయి.
మొఖమెట్లుండెనో నాకు తెల్వదు.
మేడ మీదికెళ్ళి చూసినోళ్ళకు
నీళ్ళ మీద బేసినొక్కటే నడిచొచ్చినట్టు కనబడ్డదంట.

పన్నెండో రోజు కాంట్రాక్టరు చంద్రకిరణ్ వచ్చిండు.
చుట్టూ తిరిగిండు. రెక్కలు తట్టి చూసిండు.
"పెండ్లిళ్ళయ్యే కాడ మొండెమేంది? అశుభం.
తల పెట్టుండ్రి."
దసరాకు అమ్ముడుపోని లక్ష్మమ్మ తలొకటి
అటక మీద ఉండె.
కిరీటం కోసేసి తెచ్చి పెట్టిండ్రు.

ఆ మెడ గాలికి ఎదురుపోయే మెడ.
ఈ తల కూసొని దీవించే తల.
నవ్వుతున్నది కూడా.
గెలిచినామె నవ్వుతదా?
నేనైతే ఆ రాత్రి మూడో అంతస్తు మెట్ల మీద
బేసిను దింపి
కక్కుకున్న.
తర్వాత ఎవరో చాయ్ ఇచ్చిండ్రు, చక్కెర ఎక్కువైంది.

పుట్టీ పెట్టినం. జాయింటు నేనే రుద్దిన.
తెల్లరంగు కొట్టి, కోడి ఈకతోని
పాలరాతి నరాలు సన్నగ గీసిన.
డీసీఎంల ఎల్లెలకల పండుకోబెట్టి తాళ్ళు గట్టినం.
ఆరాంఘర్ దాటినంక ఒక స్పీడ్‌బ్రేకరు.
తల ఊడి, నా కాళ్ళ కాడికి దొర్లొచ్చి
ఆకాశాన్ని చూసుకుంట అట్లనే నవ్వింది.
జాయింటెట్ల పగిలిందని సేటు అడిగిండు.
స్పీడ్‌బ్రేకరన్న.
ఇప్పుడడిగినా అదే అంట.

ముహూర్తం పొద్దుగాలనే. టైము లేదు.
మెడ మొదలు మీద బంతిపూల ముద్దొకటి గుచ్చి
ఫౌంటెన్ చాలు చేసిండ్రు.
నీళ్ళు ఎగిరొచ్చి ఆమె కడుపు మీద పడ్డయి,
కుచ్చిళ్ళల్ల పడి కిందికి పారినయి.
బ్యాండోళ్ళు అప్పుడే దిగుతుండ్రి.
ఒక పిలగాడు బాకా పక్కకు పెట్టి
చానసేపు అటే చూసిండు.

తల షెడ్డుకు తెచ్చుకున్న. లోపలంతా బోలు.
తిరగేసి నిలబెట్టి బ్రష్షులేసుకుంటున్న.
తస్లీమ్ బిడ్డకు ఐదేండ్లు నిండినయి.
మొన్న వచ్చి, నల్లరంగు డబ్బాల ఏలు ముంచి
దానికి మీసాలు గీసి పోయింది.