నానబెట్టిన మందు

సిరంజిలో మందు ఎర్రగా ఉంది,
పూసలు తెల్లగా.
నానడానికి ఇంకో గంటన్నర.
శ్రీకాకుళం ఆసుపత్రి మూడో అంతస్తులో
అప్పుడప్పుడూ కదిపి చూడడం నా పని.

"ఇదేటి బాబూ, సగ్గుబియ్యమా?"
పలాస నుంచి తొలి బస్సుకి వచ్చిన ఊర్వశమ్మ.
అలాంటిదేనమ్మా, జెల్లు.
మందు తాగి ఉబ్బుతుంది,
లివర్లో గడ్డ దగ్గరే ఆగి
కొంచెం కొంచెంగా వదుల్తుంది.

"కిందటేడు మందు ఒళ్లంతా తిరిగీసింది.
జుట్టు ఊడిపోనాది,
చారు తాగితే మన్ను తిన్నట్టుండీది.
దానికి దారి తెలవదేటి?"

ఆమె వేళ్లు చూశాను.
ముప్పయ్యేళ్ల జీడిపిక్క నూనె
గీతల్ని తినేసింది.
ఇందాక కింద కౌంటర్లో
ఆధార్ మిషను మూడుసార్లు
ఆమెని ఆమె కాదంది.

"పొట్టు రావాల, పప్పు విరగకూడదు.
బద్దయితే సగం ధర.
మీ పూసలకి ఆ పని వచ్చా?"

వచ్చనలేదు నేను. రాదనీ అనలేదు.
ఆరువారాలాగి స్కానింగు తియ్యాలి.

సిరంజి కిటికీ వెలుతురుకి ఎత్తాను.
నీరు తేటపడింది,
ఎరుపంతా గింజల్లోకి పోయింది.

ఆమె కళ్లు చికిలించి
అలవాటుగా ఏరుతున్నట్టు చూసి,
"అన్నీ గుండ్లే," అంది.