ఉల్టా అచ్చు

హన్మకొండ ఆఫీసు నుంచి
ప్లాస్టిక్ కవర్ల వచ్చిండు జపాను వీరుడు,
కలర్ జిరాక్సు కాయితం మీద.
దర్రీల మీద అద్దాలట.
గోడకు వేలాడేసుకుంటరట ఎవరో.
మొత్తం నలభై పీసులు.

కొత్తవాడల మా అద్దకం బల్ల మీద
మామిడిపిందెలు, చిలుకలు, ఏనుగుల వరుసలు
ఇన్నేండ్లు నడిచిపోయినయ్.
కోపంగున్న మనిషి ఒక్కడూ రాలేదు.

అచ్చులు చెక్కే భిక్షమాచారి
కాయితాన్ని కిటికీ దిక్కు పట్టి
శానాసేపు చూసిండు.
"కండ్లు మెల్లగ పెట్టిండేంది వీడు?"
నాకేం తెల్సు.
"ఒకటి కత్తిని చూస్తాంది, ఒకటి ఇంటిని"
అని తనకు తనే చెప్పుకున్నడు.

మా నాయినమ్మ ఓదెమ్మ
కత్తిని చూడలే, మొఖాన్ని చూడలే.
ముక్కు ఆనేటట్టు పట్టుకొని
కవచం మీద వేలు జరిపింది.
"ఇదంత దారమే బిడ్డా.
రేకు రేకును పట్టుదారంతోటి కట్టిన్రు.
ముడులు చూడు, ఎంత వరసగున్నయో.
ఒక్క పోగు తెగితే
లడాయి నడుమ బట్టలూడిపోతయ్ ఈయనకు."
పండ్లు లేని నోటితో పకపక నవ్వి
మళ్ల అడిగింది:
"గిది అల్లినామె పేరు రాసిందా యాడనన్న?"
మూలకు ఎర్ర డబ్బాల ఏవో అక్షరాలు.
"రాసిందేమోనే" అన్న.

ఎనిమిది రంగులు, ఎనిమిది అచ్చులు.
ముందుగాల నలుపు.
గీత మిగలాలంటే
గీత కానిదంతా తీసెయ్యాలె.
కణతల కాడ
వెంట్రుకకూ వెంట్రుకకూ నడుమ సందు తీసేతందుకు
మూడు దినాలు.
ఫ్యాను బంద్. రేడియో బంద్.
చాయ్ మీద మీగడ కట్టేది.
కనుబొమ్మలల్ల టేకుపొట్టు ఇరుక్కొని
ఆయనే ఎవరో ముసలి సిపాయి లెక్క కొట్టేటోడు.

అచ్చు ఎప్పుడూ ఉల్టా చెక్కాలె.
కుడి ఎడమైతది, ఎడమ కుడైతది.
నలభై ఏండ్ల సంది ఉల్టా నడిచిన చెయ్యి అది,
అద్దంల బస్సు బోర్డు సైతం గడగడ చదివే మనిషి.

దర్రీ పరిచి
రంగు ముంచి
అచ్చు మీద పిడికిలితోటి రెండు గుద్దులు గుద్ది
లేపిన.
వీరుడు లేచిండు.
కత్తి ఎడమచేతిల ఉంది.

భిక్షమాచారి ఏమనలే.
నేనూ ఏమనలే.
దినాం చూసేదే, అప్పుడే కనబడ్డది నాకు,
ఉలి ఆయనకు ఏ చేతిల ఉందో.
బడిల పంతులు ఆ చేతిని బెంచీకి కట్టేసి
కుడితోటి అఆలు దిద్దిచ్చిన సంగతి
ఒక కల్లుపూట చెప్పిండు.
మళ్లెప్పుడూ ఎత్తలే.

మరిచిండో, మరవలేదో.

ఆఫీసోళ్లు నమూనా తిప్పి పంపిన్రు.
జపానుల ఎడమచేతితోటి కత్తి పట్టరట.
పట్టినోడు ఒక్కడు కూడ పుట్టలేదా
అని ఫోన్ల అడుగబోయి ఊకున్న.
అచ్చు మళ్ల చెక్కిండు, అన్నీ చెక్కిండు.
నలభై కుడిచేతి కోపాలు
అట్టపెట్టెలల్ల పోయినయ్.

మిగిలిన ఒక్కటి మా డాబా మీదుంది.
రంగులేమీ లేవు, నల్లగీతలే.
ముతక పోగు మీద మూడు దినాల వెంట్రుకలు
సగమే నిలబడ్డయ్.
ఎనుమాముల మార్కెట్ల ధర పలకక
మా చిన్నమ్మ వాపసు తెచ్చిన మిర్పకాయలు
దాని మీద ఆరబోస్తం.
చపాట మిర్చి, ఉబ్బిన బుగ్గల ఎరుపు.
కాళ్లు మునిగినయ్, కవచం మునిగింది.
పొద్దుగాల కలియబెడుతాంటే
ముందు ఆ మెల్లకన్ను బయటికొస్తది.
ఘాటుకు నా కండ్లు కూడ అట్లనే అయితయ్.

నిన్న భిక్షమాచారి మెట్లెక్కి వచ్చిండు,
పాత బాకీ అడుగుదామని.
వంగి, మిర్పకాయలు పక్కకు జరిపి
కణతల కాడ చూసిండు.
తుమ్మిండు. మళ్ల చూసిండు.
"ఈడ రెండు వెంట్రుకలు అంటుకపోయినయ్ పిల్లా."
ఒక్కొక్క కాయనే తెచ్చి
ఉన్నకాడ పెట్టి
బాకీ సంగతి ఎత్తకుండనే దిగిపోయిండు.
రేపు యాదికొస్తదనుకుంట.