బచ్చలిపండు రంగు

జూబ్లీహిల్స్ షోరూంలో
పదకొండు రంగులు చూపించాడు రోహిత్ అనే అబ్బాయి.
"ఎరుపులో మూడు షేడ్లున్నాయి మేడమ్."

మూడు!
నారాయణగూడలో నా కొట్టుకొచ్చి ఎరుపు అడిగితే
ఏ ఎరుపమ్మా అంటాం ముందు.
కుంకుమా, దానిమ్మ గింజా, పండుమిరపా,
కాల్చిన ఇటుకా, తాంబూలం వేసుకున్న నాలుకా?
ఒక్కోదానికి ఒక్కో తాను, ఒక్కో అర.
జంగయ్య చూడకుండానే లాగుతాడు.

ముప్పై ఒక్క ఏళ్ల మ్యాచింగ్ సెంటర్ నాది.
ఎనభై సెంటీమీటర్లు, మీటరు, లావుపాటి వాళ్లకి మీటరుంబావు
కోసి కోసి దాచిన డబ్బు,
పైన మెట్రో వాళ్లు కొట్టు ముందుభాగం తీసుకుని ఇచ్చిన పరిహారం,
యాభై ఆరేళ్లకి చేతికొచ్చిన లైసెన్సు.
రెండే సీట్లు. నేలని నాకేంత కిందికుంటుంది బండి.
"చీర కట్టుకుని అందులోంచి ఎలా లేస్తావే?"
అంది మా చెల్లెలు సువర్చల.
ముందు కూర్చోనీ.

"నాకు బచ్చలిపండు రంగు కావాలి బాబూ."
ఫోనులో వెతికాడు.
పర్పులా? కాదు. వైనా? కాదు.
మెజెంటా అన్నప్పుడు నాకు నవ్వొచ్చింది.
తీగబచ్చలి ముదిరాక కాడకి పూసలు కాస్తాయి,
చిదిమితే వేలికంటి మూడు కడుగుళ్లకీ వదలదు,
నలుపు తలుపు సందులోంచి ఎరుపు చూస్తున్నట్టుంటుంది, అది.
వాళ్లింటికి బచ్చలి రబ్బరు బ్యాండు వేసుకుని వస్తుంది.
పండేదాకా ఎవరుంచుతారు?

"స్పెషల్ ఆర్డరు మేడమ్. పన్నెండు లక్షలు అదనం. శాంపిల్ పంపాలి."

స్టీలు డబ్బాలో పళ్లే పంపాను.
సముద్రం దాటేసరికి ఎండి మిరియాలయ్యాయట.

అప్పుడు తీశాను పాత లెక్కల పుస్తకం.
తొంభై ఏడు, ఆషాఢం, వాన.
ఒకామె చీర సంచీలో పెట్టుకుని వచ్చింది.
ఎల్లుండి పెళ్లి, చెల్లెలిది.
నా దగ్గర లేదు. జనరల్ బజారులో లేదు.
బేగంబజారులో గొడుగు విరిగింది, రంగు దొరకలేదు.
"నల్లది వేసుకుంటాలెండి" అంది.
నొచ్చుకోకుండా అంది, అదే బాధ.
పేరడగలేదు. కొంగు కుచ్చు నుంచి
పది పోగులు అడిగి తీసుకుని
పేజీకి పిన్ను కొట్టాను.
పిన్ను తుప్పు పట్టింది. పోగులు పట్టలేదు.

ఐదు వాళ్లకి, ఐదు నాకు.

రెండు నెలలకి అరచేయంత రేకు వచ్చింది.
"సూపర్ మేడమ్" అన్నాడు లైట్ల కింద.
దీపం కింద రంగుని నమ్మిన ఆడది
మళ్లీ కొట్టుకొచ్చి తగువు పెట్టుకుంటుంది, నాకు తెలుసు.
రోడ్డు మీదికి నడిచాను. అబ్బాయి వెనకే పరిగెత్తాడు.
ఎండలో పట్టాను, నా నీడలో పట్టాను.
నీలం ఒక చుక్క ఎక్కువ.
తిప్పి పంపాను.
రెండోది వచ్చింది. ఎరుపు తొందరపడింది.
అదీ పంపాను.
ఫ్యాక్టరీలో నన్నేమనుకుంటున్నారో అడగలేదు,
మొండి బేరం నాకు కొత్త కాదు.

మూడో రేకు మీద పోగు పెట్టి
కళ్లద్దాలు సర్దుకున్నాను.
పోగు లేదు.
గాలికి పోయిందేమోనని కాళ్ల దగ్గర వెతికాను,
అబ్బాయీ వంగి వెతికాడు ఆ టై వేలాడేసుకుని.
వేలితో తడిమితే
రేకు మీదే ఉంది.

సంతకం పెట్టాను.
రంగు పేరు రాయమంటే ఆమె పేరు రాద్దునేమో,
తెలిస్తే.
బచ్చలి అని రాశాను.

బండికింకా పద్నాలుగు నెలలు.
రేకు కొట్లోనే ఉంది, బిల్లులు ఎగరకుండా
జంగయ్య దాన్ని బరువు పెడుతున్నాడు.
నిన్న ఎవరో పిల్ల, స్కూటీ ఆపకుండానే
గుమ్మంలోంచి చెయ్యి చూపించింది:
"ఆంటీ, ఆ రంగు ఎనభై కోయండి."

లేదమ్మా, ఆర్డరు పెట్టాం.
వచ్చే శ్రావణం దాటాక రా.