నాణేల చప్పుడు

రీనోలో ఇప్పుడు నాణేలు రాలవు.
మెషీన్ ఒక కాగితం చీటీని నాలుకలా చాపుతుంది, అంతే.
చప్పుడు మాత్రం ఉంది,
రేకు పళ్లెంలో వెండి డాలర్లు కురిసినట్టు,
స్పీకర్లోంచి.
దాన్ని లోపలికి ఎక్కించేది నేనే, నెలజీతానికి.

ముసలాళ్లు ఆ చప్పుడు కోసమే బస్సు దిగుతారు.
"ఆ రోజులే వేరు. కోటు లేకుండా
గడప తొక్కేవాడా ఎవడైనా?
మాంసం ముక్క, రెండు గుడ్లు, కాఫీ, అన్నీ కలిపి డాలరు!"
పోగొట్టుకున్న ఇళ్లు ఆ బిల్లులో రాయరు.

వెర్లీన్ ఇతురాల్డే, మా అమ్మకి అక్క,
పంతొమ్మిదేళ్లు ఆ వరసల మధ్య చిల్లర పంచింది.
నడుముకి ఏడాది పిల్లంత బరువు సంచి.
డ్యూటీ దిగేసరికి వేళ్లు బొగ్గు.
నిమ్మచెక్క, బట్టల సోడా, ఇసుక, దేనికీ వదలని నలుపు.
ఓ తెల్లవారుజామున ఎవరో
పెళ్లి ఉంగరం ఆవిడ అరచేతిలో పెట్టి
"పావలాలివ్వమ్మా" అన్నాడట.
ఇవ్వలేదు. ఎదురుగా తాకట్టు కొట్టుందని చెప్పింది.
"దారి చూపించాను కదా" అంటుంది ఇప్పటికీ,
తనని తాను మెచ్చుకుంటోందో తిట్టుకుంటోందో తెలీదు.

నిన్న తీసుకెళ్లాను, నా పనితనం వినిపిద్దామని.
చక్రాలు ఆగాయి. మూడు చెర్రీలు ఒకే గీతలో.
నాణేల వాన.
చుట్టూ నలుగురు హాయిగా కళ్లు మూసుకున్నారు.
పెద్దమ్మ లేచి, బాత్రూం ఎటని అడిగింది.

ఎంతకీ రాకపోతే వెళ్లి చూశాను.
కుళాయి విప్పి
మచ్చలేని చేతుల్ని
రుద్దుతూనే ఉంది.