ఖాళీలను పూరింపుము

మంగళ, గురువారాలు సాయంత్రం ఆరున్నరకి
మర్‌ఫ్రీస్‌బరోలో, మూతపడ్డ చెప్పుల దుకాణంలో
నేను పాఠం చెబుతాను.
కాలేజీవాళ్ళు బల్లలు తెచ్చి వేశారు గానీ
గోడ వారగా మోకాలెత్తు అద్దాలు తియ్యలేదు.
అందులో నా విద్యార్థుల మొహాలు కనబడవు,
కాళ్ళు కనబడతాయి.
ముప్ఫై ఏళ్ళు గిడ్డంగిలో తిరిగిన డెల్బర్ట్ బూట్లు,
బేకరీ పిండి ఇంకా రాలుతున్న జోజాన్ కాన్వాసు జోళ్ళు,
లోర్నావి తెల్లవి. నర్సువి.

పాఠం పేరు చాంతాడంత. నేను కురచ చేశాను:
ఒక ఆసుపత్రి రాసుకున్నది
ఇంకో ఆసుపత్రి చదవగలగడం.

ఇక్కణ్ణుంచి నాష్‌విల్ దాకా రోడ్డు పొడుగునా
గాజు మేడలు లేస్తున్నాయి.
ఒక్కో మేడ కడుపులో
లక్షలమంది చక్కెర, రక్తపోటు, పుట్టిన తేదీ.
మొన్నెవరో టై కట్టుకొచ్చి అంచనాలు చదివి పోయారు:
ఇన్ని వందల కుర్చీలు, కూర్చునేవాళ్ళు లేరు.
ఆ కాగితం కాఫీ మిషను పక్కన అంటించాను.
గురువారానికి దాని కింద పెన్సిలు రాత:
కుర్చీ కనబడుతోంది. తలుపేదీ?

ప్రతి ప్రకటనలోనూ అయిదేళ్ళ అనుభవం తప్పనిసరి.
"మొదటి ఏడాది ఏ కొట్లో అమ్ముతారు?" అంది జోజాన్.
పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు,
పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు
అని మా వైపు సామెత ఒకటుందని
తడుముకుంటూ ఇంగ్లీషులో చెప్పాను.
డెల్బర్ట్ దగ్గొచ్చేదాకా నవ్వి
"నా రెండో పెళ్ళి సంగతి మీకెవరు చెప్పారు?" అన్నాడు.

లోర్నా రెండు వేళ్ళతో టైపు చేస్తుంది.
ఇరవై రెండేళ్ళు రాత్రి వార్డు.
ఓ పెద్దాయన్ని మంచమ్మీద పైకి జరుపుతుంటే
నడుములో ఏదో కలుక్కుమంది, అక్కడితో సరి.
కామా ఎక్కడో, కొటేషను ఎక్కడో ఇప్పటికీ తడబాటే.

ఆ వేళ పేర్లు చెరిపేసిన పాత లెక్కలు ముందేసుకున్నాం.
రోగి బరువు: కిలోల్లో.
ఒక్క గడీ ఖాళీ లేదు, శుభ్రమైన డేటా అన్నాన్నేను.
లోర్నా తల అడ్డంగా ఊపింది.
"రాత్రి మూడింటికి ఈ గడి ఎవరూ నింపరు.
త్రాసు వరండా ఆ చివర.
మనిషి నిలబడలేడు.
గడి నింపందే మిషను మందు ఇవ్వనివ్వదు.
డెబ్భై వేస్తాం."

జోజాన్ వేళ్ళు కదిలాయి.
రాత్రి పదకొండు దాటాక చేరినవాళ్ళు:
డెబ్భై. డెబ్భై. డెబ్భై.
తెర కిందికి జరుగుతున్నంతసేపూ
ఒకే బరువున్న మూడొందల పద్నాలుగుమంది.
ఆ బరువుని బట్టే గదా సూదిలో మందు కొలిచేది.

గదిలో ఫ్రిజ్ చప్పుడొక్కటే.

చీరాల బళ్ళో నాలుగో తరగతిలో
చుక్కల గీతల మీద నోటికొచ్చింది రాస్తే
వెంకాయమ్మ టీచరు చెవి పట్టుకుని చెప్పేది:
తెలీకపోతే చుక్కలు వదిలెయ్యవే,
ఖాళీ అబద్ధమాడదు.
ముప్ఫై అయిదేళ్ళకి అర్థమైంది, ఇక్కడ.

గాజు మేడకి లోర్నా అర్జీ పెడుతోంది ఇవాళ.
ఈ రంగంలో అనుభవం: ఎన్నేళ్ళు?
సున్నా కొడితే తెర ఒప్పుకోలేదు.
వదిలేస్తే గడి చుట్టూ ఎర్ర గీత.
ఇరవై రెండు వెయ్యమని నేనన్నాను.
"అది నర్సుగా గదా" అంది.
అదే గదా ఇది, అన్నాను. గట్టిగానే అన్నాను.

రెండు వేళ్ళు గాల్లో ఎత్తి
కాసేపు అలాగే ఉండిపోయింది.

"డెబ్భై వెయ్యనా?" అంది.

ఎవరు ముందు నవ్వారో తెలీదు.
కింద అద్దంలో మాత్రం
తెల్ల బూటొకటి
నేల మీద టకటకమంటోంది,
ఎవరో గంట నొక్కినట్టు,
లేచి వెళ్ళాల్సినట్టు.