సున్నం కొట్టిన గోడ

రిజిస్టర్డు పోస్టు వచ్చినప్పుడు
నేను తుమ్ముతున్నాను.
మార్చి నెల గుంటూరులో తుమ్ముకి శకునం చూడరు,
యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే అంతే.

పద్నాలుగు పేజీలు.
సంకేతం అందని చోట తూకాలు దాచిపెట్టి
అందిన చోట ఖాతాతో సరిచూసే పద్ధతి
తమదట.
దానికి నంబరుంది, బొమ్మలున్నాయి,
డబ్బా నుంచి డబ్బాకి బాణం గీతలు.

వాళ్ళ గుమ్మం నేను తొక్కలేదు.
వాళ్ళ కోడు ఒక్క అక్షరం చూడలేదు.
అరండల్‌పేటలో మేడమీద గదిలో
కరెంటు పోయిన రాత్రులు కూడా కలుపుకుని
ప్రతి లైనూ నా వేళ్ళతో రాశాను.
రాసి, తాళం వేయకుండా వదిలేశాను,
తీసుకోండి, మార్చుకోండి, ఇంకొకరికి ఇవ్వండి అని.

ప్లీడరు హైమవతి గారు కళ్ళద్దాలు పైకి నెట్టి
"కాపీ కొట్టావా అని కాదు బాబూ వీళ్ళడిగేది,
ఆ దారిన నడిచావా అని" అన్నారు.
"దారి నాకు నేనే వెతుక్కున్నానండీ."
"ఎవరు వెతుక్కున్నా టోలు వాళ్ళకే."
కాజ టోలుగేటు దగ్గర కనీసం రోడ్డయినా కనబడుతుంది కదండీ
అన్నాను. ఆవిడ నవ్వలేదు.
"మన దేశంలో ఇది నిలబడకపోవచ్చు.
నిలబడదని తేలేదాకా
నువ్వు నిలబడగలవా?"

ఒక్కో కాపీకి ఇంత, అని రాశారు ఆఖరి పేజీలో.
నేనెప్పుడూ కాపీలు లెక్కపెట్టలేదు.
పట్నంబజారులో ఎందరో, ఖమ్మంలో ఎందరో.
వియత్నాంలో మిరియాల గోదాములో వాడుతున్నామని
ఒకతను ఫొటో పంపాడు, అతని పేరు నాకు పలకడం రాదు.
ఇందులో తప్పులు దిద్దిన పదకొండుమందిలో
ముగ్గురి ముఖాలే తెలుసు.
సున్నాని ఎంతతో హెచ్చవేస్తే
వాళ్ళడిగిన అంకె వస్తుంది?

అసలు మాట ఇంకొకటుంది.
ఆ పద్ధతి నాది కూడా కాదు.
కోల్డ్‌స్టోరేజీ మూడో అంతస్తులో
చలికి గోనె కప్పుకున్న ముఠామేస్త్రి యేసుపాదానిది.
గుమాస్తా టీకి పోతే టిక్కీలు ఆగవు కదా,
గోడ మీద సుద్దతో
గీత, గీత, గీత, గీత, అడ్డగీత.
గుమాస్తా వచ్చాక పుస్తకంతో సరి.
తేడా వస్తే ఎవరి లెక్క నిలవాలో
దానికీ అతని దగ్గర ఒక కట్టుబాటుంది.
నేను ఆ గోడనే ఎక్కించుకున్నాను ఫోనులోకి.

"సాక్ష్యం ఉందా?"
మొదటిసారి ఆవిడ కుర్చీలో ముందుకి జరిగారు.
"వాళ్ళ దరఖాస్తుకి ముందుది. తేదీతో సహా."

వెళ్ళేసరికి
కొత్త సీజనుకని గోడకి సున్నం కొట్టించారు.
తెల్లగా, ఏమీ ఎరగనట్టు.
యేసుపాదం అరచెయ్యి ఆనించి చూశాడు,
"ఇరవయ్యారేళ్ళ గీతలు" అన్నాడు,
చేతికంటిన తెలుపుని పంచెకి తుడుచుకున్నాడు.

నిన్న రాత్రి ఆ భాగం తీసేశాను,
నూట డెబ్బై లైన్లు.
కారణం రాయొద్దన్నారు ప్లీడరు గారు.
రాయలేదు.

పొద్దున మూడో అంతస్తులో
గుమాస్తా కుర్రాడు ఫోను నెత్తిమీదికెత్తి
సిగ్నలు కోసం వరసల మధ్య తిరుగుతున్నాడు.
"నిన్నటిదాకా బానే ఉందిగా అన్నా?"
తేజా టిక్కీలు భుజాల మీదే ఆగిపోయాయి.

యేసుపాదం చెవి మీంచి సుద్దముక్క తీశాడు.
గీత. గీత.
ఆగి, నా వైపు తిరిగి
"ఇవాళ తారీఖెంత?" అన్నాడు.