తిరుగు బండి

ఇరవై ఆరేళ్లు సోదర్‌తెల్యేలో బస్సు నడిపినదాన్ని.
బండి ఎంచుకోమంటే
సీటు మెత్తగా ఉందా అని చూడను,
మంచులో రివర్స్ ఎలా పోతుందో చూస్తాను.

పుస్తకం రాసుకునే సాఫ్ట్‌వేర్ కావాల్సి వచ్చినప్పుడూ అంతే.

నాది పెద్ద పుస్తకం.
ఇప్పటికి మూడువందల నలభై పేజీలు,
అందులో ఇంకా మా అమ్మ పెళ్లే కాలేదు.
మా సురెత్ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది.
స్వీడిష్ ఎడమ నుంచి కుడికి.
టర్కీ పోలీసు కాగితాల్లో మా ఇంటిపేరు కూడా అటే.
ఒకే వాక్యంలో ముగ్గురూ ఎదురుపడితే
ఎవరు పక్కకి తప్పుకోవాలి?

లైబ్రరీలో గుణ్‌బ్రిట్ అంది,
"ఫెబ్రోనియా, మొత్తం స్వీడిష్‌లోనే రాసేయొచ్చు కదా!"
రాయొచ్చు.
మా అమ్మ మేకని తిట్టిన తిట్లు
స్వీడిష్‌లోకి వచ్చేసరికి
మేకకి క్షమాపణ చెప్పినట్టుంటాయి.

మొదటిది డబ్బు పెట్టి కొన్నాను.
యాభై పేజీల దాకా పెళ్లికొడుకులా నడిచింది.
వందో పేజీ దగ్గర ఎగశ్వాస.
నేను అక్షరం కొట్టి, ఒక గుక్క కాఫీ తాగాక
అప్పుడు తీరిగ్గా కనబడేది అక్షరం.

రెండోది ఉచితం. చుక్కల్ని మింగేసేది.
మాకు చుక్క కిందుంటే ద, పైనుంటే ర,
అసలే లేకపోతే ఏదీ కాని ఒక కొక్కెం.
మా నాన్న మురాద్ పేరులో రెండూ ఉన్నాయి.
తెర మీద ఆయన
రెండు కొక్కేలకి వేలాడుతూ కనిపించాడు.
అదే రాత్రి తీసేశాను దాన్ని.

మూడోదాంట్లో వెతికి మార్చే మీట ఉంది.
మా ఊరికి రెండు పేర్లు. మేం పిలిచేదొకటి,
సర్కారు బోర్డు మీద ఉన్నదొకటి.
ఏం నొక్కానో ఏమో,
రెప్పపాటులో నాలుగువందల పన్నెండు చోట్ల
మా ఊరు సర్కారు ఊరైపోయింది.
కంట్రోల్ జెడ్ కొట్టాను. తిరిగొచ్చింది.
చేతి వణుకు మాత్రం సాయంత్రం దాకా పోలేదు.
అంత చిన్న మీట ఒకటి
ఆ రోజుల్లో మా పెద్దవాళ్ల దగ్గర ఉండుంటే...
వద్దులే. సాఫ్ట్‌వేర్ సంగతి చెప్తున్నాను.

నాలుగోది బడిపంతులు గవ్రియే వేసిచ్చాడు.
చూపులకి ఏం బాగోదు,
పాత బస్సు డాష్‌బోర్డులా అన్నీ బూడిదరంగు మీటలు.
మిగతావాటిలో భాష మారితే చాలు
కర్సర్ కాలుగాలిన పిల్లి అయ్యేది.
దీంట్లో కర్సర్ తలకి చిన్న జెండా ఉంది,
సురెత్ అయితే ఎడమకి, స్వీడిష్ అయితే కుడికి.
రెండు భాషల పొలిమేరలో నిలబడి
ఎటు, అని అడుగుతుంది.
ఎన్ని సరిహద్దులు దాటానో లెక్కలేదు.
అడిగి, నేను చెప్పింది నమ్మిన జెండా
ఇదొక్కటే.

దీన్నే ఉంచుకున్నాను.
ఫుట్‌నోట్లు పేజీ అడుగున బుద్ధిగా కూర్చుంటాయి.
బ్రాకెట్లు ఇప్పటికీ అప్పుడప్పుడూ
అలిగిన మొగుడూ పెళ్లాల్లా వీపులు తిప్పుకుంటాయి.
రోజూ రెండు చోట్ల సేవ్ చేస్తాను.
పెన్‌డ్రైవ్ ఉండేది రొట్టెల డబ్బాలో,
ఎందుకంటే ఇల్లు తగలబడినా నేను మరిచిపోనిది అదే.

ఒక్క చోట తప్పు ఉండిపోయింది.
రెండువందల ఎనభై ఎనిమిదో పేజీ.
సురెత్ వాక్యం నడుమ 1977 నాటి మా ప్రయాణం,
లాటిన్ అక్షరాల్లో రెండు ఊళ్లు, మధ్యలో ఒక గీత.
మిద్యాత్, సోదర్‌తెల్యే అనే కొట్టాను.
కుడివైపు నుంచి చదువుకుంటూ వచ్చే కంటికి
సోదర్‌తెల్యే ముందు తగులుతుంది,
మిద్యాత్ తర్వాత.

కంటికి కనబడని గుర్తొకటి పెడితే సర్దుకుంటుందట.
గవ్రియే చూపించాడు, నేర్చుకున్నాను,
మిగతా పేజీలన్నిట్లో పెట్టాను.

ఆ పేజీకి వచ్చేసరికి మాత్రం
లైట్లు వేసుకుని, ఖాళీగా,
వెనక్కి బయలుదేరిన రాత్రి బస్సు ఒకటి కనబడింది.
ఆఖరి స్టాపులో దిగి, చలికి చేతులు రుద్దుకుంటూ
ముందు బోర్డు ఎన్ని వేలసార్లు మార్చానో.

ఫైల్ మూసి పడుకున్నాను.